పాత ల్యాప్‌టాప్‌లో రోజువారీ పనికి ఏ బ్రౌజర్ పెట్టుకోవాలి: క్రోమా, ఎడ్జా, ఫైర్‌ఫాక్సా, బ్రేవా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న విండోస్ 10 ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది. షాపు జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు దాంట్లోనే. పొద్దున నాన్నగారు తెలుగు పేపర్ల సైట్లు తెరుస్తారు. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి మౌస్ కూడా కదలడం లేదు. ఏ బ్రౌజర్‌కి మారితే ఈ బాధ తగ్గుతుంది?

ముందు జవాబు చెప్పేస్తాను. చదువుకోవడానికి, చూడ్డానికి ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని అందులో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేయండి. బ్యాంకు, జీఎస్టీ, ప్రభుత్వ సైట్లకు విండోస్‌తో వచ్చిన ఎడ్జ్‌నే ఉంచండి, దాంట్లో ఏ ఎక్స్‌టెన్షనూ వేయొద్దు. క్రోమ్ తీసేయొచ్చు. అది చేసే పని ఏదీ ఎడ్జ్ చేయలేనిది కాదు. ఒకే బ్రౌజర్‌తో అన్నీ సర్దుకోవాలని పట్టుపడితే బ్రేవ్. దాని సంగతి కింద రాశాను.

క్రోమ్ నుంచి ఎడ్జ్‌కో, ఒపేరాకో మారినంత మాత్రాన పేజీలు వేగంగా తెరుచుకోవు. ఎందుకంటే క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డీ అన్నిటి లోపలా ఉన్నది క్రోమియమే, అంటే పేజీని నడిపి చూపించే ఇంజిన్ ఒకటే. ఒపేరా 2013లో తన సొంత ఇంజిన్ వదిలి ఇటు వచ్చింది. ఎడ్జ్ 2020 జనవరిలో వచ్చింది. వేరే ఇంజిన్‌తో నడిచేవి మిగిలింది ముఖ్యంగా రెండే: ఫైర్‌ఫాక్స్, ఆపిల్ వాళ్ళ సఫారీ. ఒకే ఇంజిన్ ఉన్నవాటి మధ్య తేడా అంతా పైపై పనుల్లోనే ఉంటుంది: వాడని ట్యాబులను ఏం చేస్తుంది, ప్రకటనలను ఎంతవరకు ఆపనిస్తుంది, వెనకాల ఏమేం నడుపుతుంది, మీ సమాచారం ఎవరికి పంపుతుంది.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ ఎందుకు మొరాయిస్తోందో చూద్దాం. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడుతుంది. ఒక పెద్ద వార్తలో నాలుగు వేల గుర్తులు ఉన్నాయనుకున్నా మొత్తం 12 కేబీ. ఫొటోలు కలిపినా పెద్ద బరువేం కాదు. పేజీ బరువులో మిగతాదంతా ప్రకటనల స్క్రిప్టులు, పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ ఖాళీని ఎవరికి అమ్మాలో తేల్చే వేలం పాటలు, మూలన దానంతటదే మొదలయ్యే వీడియో, మీరు ఎక్కడ ఆగారో లెక్క రాసుకునే ట్రాకర్లు.

దీనికి ఇంకో మెలిక ఉంది. 2018లో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక, ఒక సైట్ డేటాను ఇంకో సైట్ తొంగిచూడకుండా క్రోమ్ ఒక్కో సైట్‌ను ఒక్కో ప్రాసెస్‌లో, అంటే తన మెమరీ తనకుండే విడి ప్రోగ్రామ్‌లా, పెట్టడం మొదలుపెట్టింది. భద్రతకు మంచిదే. కానీ వార్త పేజీలో ఐదు ప్రకటనలు ఐదు వేర్వేరు సైట్ల నుంచి వస్తే, పైకి ట్యాబ్ ఒకటే కనిపించినా లోపల ఆరు ప్రాసెస్‌ల దాకా ఉండొచ్చు. కావాలంటే మీరే చూడండి. క్రోమ్‌లో ఏదైనా పేపర్ సైట్ తెరిచి, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మీ ట్యాబ్ పేరు కింద ‘సబ్‌ఫ్రేమ్’ అని వరసగా కొన్ని లైన్లు, వాటి పక్కన మీరు ఎన్నడూ వినని అడ్రసులు, ఒక్కోదానికి కొన్ని పదుల ఎంబీల మెమరీ కనిపిస్తాయి. మీ 4 జీబీలో విండోస్ తీసుకున్నది పోగా మిగిలిన కాస్తా అక్కడికే పోతోంది.

అందుకే నేను బ్రౌజర్లను పోల్చేటప్పుడు ముందు అడిగేది ‘ఏది వేగం’ అని కాదు, ‘ఏది నన్ను ప్రకటనలను సరిగా ఆపనిస్తుంది’ అని. యాడ్ బ్లాకర్ పెట్టాక వచ్చే తేడా ముందు బ్రౌజర్ల మధ్య ఉండే తేడా లెక్కలోకి రాదు.

క్రోమ్ ఇక్కడే వెనకబడింది. ఎక్స్‌టెన్షన్లకు మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనలు తెచ్చి, పాత పద్ధతివాటిని 2024 నుంచి దశలవారీగా ఆపుతూ 2025లో పూర్తిగా ఆపేసింది. పాత పద్ధతిలో బ్లాకర్ పేజీ బయటి సర్వర్లను అడిగే ప్రతి రిక్వెస్టునూ బయటికి వెళ్ళేముందు తానే చూసి ఆపగలిగేది. కొత్త పద్ధతిలో ముందే ఒక జాబితా రాసి బ్రౌజర్‌కి అప్పగించాలి, ఆపేది బ్రౌజర్. అందువల్ల అసలు యూబ్లాక్ ఆరిజిన్ ఇప్పుడు క్రోమ్‌లో నడవదు. దాని తమ్ముడు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ నడుస్తుంది. లైట్ పనికిరానిదేం కాదు, మామూలు ప్రకటనలు బాగానే ఆపుతుంది. కానీ బ్లాకర్‌ను పసిగట్టి పేజీకి అడ్డంగా తెర దించే సైట్ల దగ్గర తడబడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం అసలుదే ఇప్పటికీ పూర్తిగా పనిచేస్తోంది.

ఫైర్‌ఫాక్స్ పెట్టే పద్ధతి

గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన ప్రకటన లింకు మీద నొక్కి దించుకోవద్దు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సైట్ అడ్రసు టైప్ చేసి వెళ్ళండి, లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో వెతకండి. తర్వాత ఎక్స్‌టెన్షన్లు దొరికే యాడ్-ఆన్స్ పేజీలో యూబ్లాక్ ఆరిజిన్ వెతకండి. రచయిత పేరు రేమండ్ హిల్ అని ఉండాలి. ‘ఆరిజిన్’ అన్న మాట లేకుండా ‘యూబ్లాక్’ అని మాత్రమే ఉన్నది వేరేవాళ్ళది, దాన్ని ముట్టుకోవద్దు. ఒక బ్లాకర్ చాలు. రెండు మూడు వేస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది, మెమరీ కూడా దండగ.

వేశాక దాని సెట్టింగ్స్‌లో ఫిల్టర్ లిస్ట్స్ అనే పేజీ ఉంటుంది. మొదట్లో టిక్ పెట్టి ఉన్నవాటిని అలాగే వదిలేయండి. ‘అనోయెన్సెస్’ విభాగంలో కుకీ (సైట్ మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైల్) నోటీసులను, అడ్డంగా వచ్చే డబ్బాలను ఆపే జాబితాలు ఉంటాయి, అవి పెట్టుకుంటే హాయి. అంతకుమించి కనిపించిన ప్రతిదానికీ టిక్ పెట్టకండి. సగం సైట్లు విరిగిపోతాయి, ఏ జాబితా వల్ల విరిగిందో పట్టుకోవడం తలకు మించిన పని అవుతుంది.

మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్ళకు ఇంకో సదుపాయం ఉంది. అదే సెట్టింగ్స్‌లో ఫలానా సైజు దాటిన మీడియాను ఆపమనే గడి ఉంటుంది, 50 కేబీ అని ముందే రాసి ఉంటుంది. టిక్ పెడితే పెద్ద ఫొటోల బదులు ఖాళీ గళ్ళు వస్తాయి, కావలసినదాని మీద నొక్కితే అదొక్కటే దిగుతుంది. నాన్నగారికి ఫొటోలు కావాలి కాబట్టి ఆయన వాడే చోట దీని జోలికి వెళ్ళకండి.

ఇక తప్పకుండా మార్చాల్సింది వీడియోల సంగతి. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, పర్మిషన్స్ దగ్గర ఆటోప్లే అని ఉంటుంది. మామూలుగా అది శబ్దాన్ని మాత్రమే ఆపుతుంది, వీడియో మూగగా నడుస్తూనే ఉంటుంది. ‘ఆడియో అండ్ వీడియో’ రెండూ ఆపమని మార్చండి. పాత ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ మోత తగ్గేది దీనితోనే.

ట్రాకింగ్ ప్రొటెక్షన్ ‘స్టాండర్డ్’ మీదే ఉంచండి. ఒక సైట్ కుకీలు ఇంకో సైట్‌కి కనబడకుండా వేర్వేరు డబ్బాల్లో పెట్టే పద్ధతి 2022 నుంచి స్టాండర్డ్‌లోనే ఉంది. ‘స్ట్రిక్ట్’ పెడితే లాగిన్లు, పేమెంట్ పేజీలు అప్పుడప్పుడు బెడిసికొడతాయి. కొత్త ట్యాబ్ పేజీలో స్పాన్సర్డ్ అని వచ్చేవాటినీ ఆపేయండి. మొజిల్లాకు ఎక్కువ ఆదాయం గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకే వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌ను మడి కట్టుకున్న సంస్థగా ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మెమరీ బాగా తగ్గిపోతే ఫైర్‌ఫాక్స్ పాత ట్యాబులను మెమరీ నుంచి తనే దించేస్తుంది. ఈ మధ్య వెర్షన్లలో ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘అన్‌లోడ్ ట్యాబ్’ అంటే మనమే దించొచ్చు. ట్యాబ్ పైన కనిపిస్తూనే ఉంటుంది, మెమరీలో మాత్రం ఉండదు. ఇరవై ట్యాబులు తెరిచి పెట్టుకునే అలవాటున్నవాళ్ళకు ఇది వరం.

తెలుగు అక్షరాల విషయం

ఇది నాన్నగారి కోసం. ఏ స్క్రిప్టుకు ఏ ఫాంటో విడిగా ఎంచుకునే వీలు ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లోనే ఉంది. జనరల్‌లో ఫాంట్స్ దగ్గర ‘అడ్వాన్స్‌డ్’ నొక్కితే పైన భాషల జాబితా వస్తుంది, అందులో తెలుగు ఎంచుకోండి. విండోస్ 10లో మామూలుగా నిర్మలా యూఐ ఉంటుంది. మీరు వేరే యూనికోడ్ ఫాంటు వేసుకుని ఉంటే అదీ ఆ జాబితాలో కనిపిస్తుంది. అక్కడే కనీస సైజు 18 పెట్టండి. ఇంగ్లిషు 14లో చదవగలిగినవాళ్ళకు కూడా తెలుగు ఒత్తులు, ముఖ్యంగా అక్షరం కింద రెండు ఒత్తులు పడినప్పుడు, 14లో నల్లటి మరకలా కనిపిస్తాయి. సైజు పెంచాక కొన్ని సైట్లలో కింది ఒత్తులు సగానికి తెగి కనిపిస్తే అది ఫాంటు తప్పు కాదు. ఆ సైట్ వాళ్ళు లైన్ల మధ్య ఎడం ఇంగ్లిషు లెక్కన బిగించేశారని అర్థం. అలాంటి పేజీలో ఎఫ్9 నొక్కి రీడర్ వ్యూలోకి వెళితే సరిపోతుంది. పేజీలోని గోలంతా పోయి వార్త మాత్రమే మిగులుతుంది, లైన్ల ఎడం కూడా అక్కడే పెంచుకోవచ్చు.

క్రోమ్, ఎడ్జ్‌లలో ఫాంటు సెట్టింగ్ అన్ని భాషలకూ కలిపి ఒకటే. తెలుగు కోసం పెంచితే ఇంగ్లిషూ పెరుగుతుంది.

అయితే నాన్నగారికి చదవడం కంటే వినడం సుఖమనిపిస్తే ఎడ్జ్‌కి ఎదురు లేదు. వార్త తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కండి. పైన వచ్చే పట్టీలో వాయిస్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి తెలుగు గొంతు ఎంచుకోండి. శ్రుతి, మోహన్ అని ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు ఉంటాయి. సంఖ్యలు, ఇంగ్లిషు పేర్ల దగ్గర అక్కడక్కడా తడబడినా వాక్యం తెలుగు వాక్యంలాగే వినిపిస్తుంది. వేగం కాస్త తగ్గించి పెట్టండి. ఆ గొంతులు నెట్ ద్వారా వస్తాయి కాబట్టి కనెక్షన్ ఉండాలి, చదివించే పాఠం మైక్రోసాఫ్ట్ సర్వర్‌కి వెళుతుంది. వార్తలకు ఫరవాలేదు, బ్యాంకు స్టేట్‌మెంట్ చదివించకండి. ఫైర్‌ఫాక్స్ రీడర్‌లోనూ చదివించే బటన్ ఉంది గానీ అది విండోస్‌లో ఉన్న గొంతుల మీదే ఆధారపడుతుంది, వాటిలో మామూలుగా తెలుగు ఉండదు.

ఎడ్జ్‌ను పనికి సిద్ధం చేయడం

ఎడ్జ్ మంచి బ్రౌజరే, దాని చుట్టూ చేర్చిన సంతే విసుగు. కొత్త ట్యాబ్ పేజీలో పళ్ళచక్రం గుర్తు నొక్కి వార్తల ఫీడ్ ఆపేయండి. సెట్టింగ్స్‌లో షాపింగ్ కూపన్లు, సైడ్‌బార్ ఆపండి. సిస్టమ్ అండ్ పెర్ఫార్మెన్స్‌లో రెండు తప్పనిసరి: ‘స్టార్టప్ బూస్ట్’, ఎడ్జ్ మూసినా వెనకాల నడవడానికి అనుమతించే ‘కంటిన్యూ రన్నింగ్’ గడి. రెండూ తీసేయండి. లేకపోతే ఎడ్జ్ మీరు తెరవకముందే మెమరీలో కూర్చుని ఉంటుంది. 4 జీబీ మెషీన్‌లో అది కూడని పని.

అక్కడే స్లీపింగ్ ట్యాబ్స్ ఉంటుంది. సమయం ఐదు నిమిషాలకు తగ్గించండి. ఎడ్జ్‌లో నిద్రపోయిన ట్యాబ్ మామూలుగా లేచినప్పుడు ఉన్నచోటు నుంచే కొనసాగుతుంది. క్రోమ్ మెమరీ సేవర్ అలా కాదు, ట్యాబును పూర్తిగా దించేస్తుంది. తిరిగి నొక్కితే పేజీ మొదటినుంచి లోడ్ అవుతుంది. అయినా జీఎస్టీ పోర్టల్‌ను, మీ బ్యాంకును ‘ఎప్పుడూ నిద్రపుచ్చొద్దు’ జాబితాలో చేర్చండి. ఇన్‌వాయిస్ వివరాలు సగం కొట్టి టీ తాగొచ్చేసరికి పేజీ ఖాళీగా కనిపిస్తే ఆ కోపం చెప్పనలవి కాదు.

బ్యాంకు పనికి ఎక్స్‌టెన్షన్లు ఎందుకు వద్దంటున్నానంటే, ‘అన్ని సైట్లలోని డేటాను చదవగలదు, మార్చగలదు’ అనే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ మీ బ్యాంకు పేజీనీ చదవగలదు. ఈరోజు మంచిదైన ఎక్స్‌టెన్షన్‌ను రేపు ఇంకొకరు కొనుక్కుని అప్‌డేట్‌లో ఏదైనా దూర్చొచ్చు, అలాంటివి చాలానే జరిగాయి. రెండోది, చెల్లింపు మధ్యలో బ్యాంకు ఓటీపీ పేజీ వేరే సైట్ నుంచి వస్తుంది. బ్లాకర్ దాన్ని ఆపితే డబ్బు కట్ అయ్యి రసీదు రాని తంటా. పాప్-అప్ బ్లాకర్ కూడా అంతే. చలాన్ డౌన్‌లోడ్ నొక్కితే ఏమీ జరగనట్టు ఉంటే అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు వచ్చిందేమో చూడండి. దాన్ని నొక్కి ఆ సైట్‌కి మాత్రం పాప్-అప్‌లు అనుమతించండి.

డిజిటల్ సంతకం పనిచేయకపోతే

మీరు డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) ఉన్న యూఎస్‌బీ టోకెన్‌తో సంతకం పెడతారా, ఓటీపీతో ధ్రువీకరించే ఈవీసీయా అన్నది రాయలేదు. ఓటీపీ అయితే ఈ భాగం వదిలేయండి. టోకెన్ అయితే ఇక్కడే ఎక్కువమంది బ్రౌజర్‌ను తిడతారు, తప్పు బ్రౌజర్‌ది కాకపోయినా.

జీఎస్టీ పోర్టల్ నేరుగా మీ యూఎస్‌బీ టోకెన్‌ను చూడలేదు. మీ కంప్యూటర్లో ఈఎమ్‌సైనర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటుంది. బ్రౌజర్ దాంతో మాట్లాడుతుంది, అది టోకెన్‌తో మాట్లాడుతుంది. ‘సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు, ఈఎమ్‌సైనర్ రీస్టార్ట్ చేయండి’ అన్న సందేశం వస్తే ఈ వరసలో చూడండి. ముందు ఈఎమ్‌సైనర్ మూసి, దాని మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. తర్వాత అదే బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిచి, అడ్రస్ బార్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి 127.0.0.1:1585 కొట్టండి. సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిక వస్తుంది. అది మీ కంప్యూటర్ సొంత అడ్రసే కాబట్టి ఇక్కడ మాత్రమే ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ముందుకు వెళ్ళొచ్చు. బయటి సైట్ దేనికైనా ఇదే హెచ్చరిక వస్తే వెనక్కి రావాల్సిందే. ఆ తర్వాత పోర్టల్ పేజీ రిఫ్రెష్ చేసి మళ్ళీ సంతకం పెట్టండి.

ఈ అంగీకారం బ్రౌజర్ బ్రౌజర్‌కీ విడిగా ఇవ్వాలి. ఎడ్జ్‌లో ఒప్పుకున్నది ఫైర్‌ఫాక్స్‌కి తెలియదు. ఈ మధ్య క్రోమియం బ్రౌజర్లలో ఇంకో కొత్త ప్రశ్న కూడా వస్తోంది: ఈ సైట్ మీ లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలతో మాట్లాడొచ్చా అని. జీఎస్టీ పోర్టల్‌కి ‘అలవ్’ అనాలి. తెలియక ‘బ్లాక్’ నొక్కితే ఈఎమ్‌సైనర్‌ను ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి సైట్ పర్మిషన్స్‌లో మార్చాలి.

ఇంకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాలనే పాత ఆఫీసు పోర్టల్ ఏదైనా తగిలితే, ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ పేజీకి వెళ్ళి ఐఈ మోడ్‌ను ‘అలవ్’ చేసి, ఆ పేజీ అడ్రసు చేర్చండి. చేర్చిన అడ్రసు 30 రోజులే ఉంటుంది, తర్వాత మళ్ళీ చేర్చాలి. అసలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్‌లోనే నిలిపేశారు. ‘ఐఈ డౌన్‌లోడ్’ అని ఎక్కడైనా కనిపిస్తే ఆ ఛాయలకే పోవద్దు.

బ్రేవ్, మిగతావి

బ్రేవ్‌లో ప్రకటనలు ఆపే పని ఎక్స్‌టెన్షన్‌గా కాక బ్రౌజర్‌లోనే కలిసి ఉంది. అందువల్ల క్రోమ్ కొత్త నిబంధనలు దాన్ని తాకవు. వేసిన వెంటనే పనిచేస్తుంది, ఏమీ నేర్చుకోనక్కర్లేదు. సైట్లు ‘క్రోమ్‌లో మాత్రమే’ అన్నా నడుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే క్రిప్టో వాలెట్, రివార్డులు, ఏఐ సహాయకుడు, వీపీఎన్ గుర్తులు అన్నీ ముందే తగిలించి ఇస్తారు. ఇన్‌స్టాల్ చేశాక అవన్నీ దాచడానికి పది నిమిషాలు పెట్టుకోండి. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రసు కొడితే తమ కమీషన్ కోడ్ తగిలించిన పని బయటపడి క్షమాపణ చెప్పుకున్నారు కూడా. నాకు దాని ఇంజినీరింగ్ నచ్చుతుంది, వ్యాపార బుద్ధి నచ్చదు.

ఒపేరాలో ‘వీపీఎన్’ అని ఉచితంగా ఇచ్చేది ఆ బ్రౌజర్ వరకే పనిచేసే ప్రాక్సీ, కంప్యూటర్ మొత్తానికి వర్తించేది కాదు. వివాల్డీ సెట్టింగులు సర్దుకోవడం సరదాగా భావించేవాళ్ళకు బాగుంటుంది, 4 జీబీ మెషీన్‌కి బరువు.

ఫైర్‌ఫాక్స్ లోటుపాట్లు కూడా చెప్పాలి. ఆన్‌లైన్ పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్లు చాలావరకు క్రోమియం బ్రౌజరే అడుగుతాయి. బ్రౌజర్ నుంచి నేరుగా యూఎస్‌బీ, సీరియల్ పరికరాలతో మాట్లాడే సైట్లు దాంట్లో నడవవనే అనుకోండి. వీడియో మీటింగుల్లో వెనక దృశ్యం మసక చేయడంలాంటివి కొన్నిచోట్ల రావు. ఇలాంటివి తగిలినప్పుడు గింజుకోకుండా ఎడ్జ్ తెరవండి, రెండు బ్రౌజర్లు పెట్టుకోమన్నది అందుకే.

పాస్‌వర్డ్‌లు తరలించేటప్పుడు

బుక్‌మార్కులు ఫైర్‌ఫాక్స్ తనే తెచ్చుకుంటుంది. పాస్‌వర్డ్‌లకు క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే ఒక సీఎస్‌వీ ఫైల్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్స్ పేజీలో మూడు చుక్కలు నొక్కి ఫైల్ నుంచి ఇంపోర్ట్ చేయండి. ఆ సీఎస్‌వీలో మీ పాస్‌వర్డ్‌లన్నీ పచ్చిగా, ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదివేలా ఉంటాయి. పని అయిన వెంటనే షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేయండి. మామూలుగా డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. క్రోమ్ తీసేసే ముందు రెండు వారాలు ఉంచి, అన్నీ వచ్చాయో లేదో చూసుకోండి.

పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులను మీ పరికరాలన్నిటిలో ఒకేలా ఉంచే ఫైర్‌ఫాక్స్ సింక్ వాడితే ఒక జాగ్రత్త. డేటాకు తాళం మీ అకౌంట్ పాస్‌వర్డ్‌తోనే పడుతుంది, మొజిల్లా కూడా తెరవలేదు. పాస్‌వర్డ్ మరిచిపోయి రీసెట్ చేస్తే సర్వర్‌లో ఉన్నది పోవచ్చు. అకౌంట్ సెట్టింగ్స్‌లో రికవరీ కీ తీసుకుని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

‘వైరస్ వచ్చింది’ అని మూలన వచ్చే సందేశాలు

పెద్దవాళ్ళు వాడే కంప్యూటర్లలో నేను ముందు చూసేది ఇదే. ఏదో ఒక సైట్ ‘నోటిఫికేషన్లు పంపమంటారా’ అని అడిగితే ‘అలవ్’ నొక్కి ఉంటారు. ఇక ఆ రోజు నుంచి కుడివైపు కింద మూలన వైరస్ అనీ, లాటరీ అనీ, మీ యాంటీవైరస్ గడువు అయిపోయిందనీ వస్తూనే ఉంటాయి. చాలామంది దీనికి విండోస్ మొత్తం ఫార్మాట్ చేయిస్తారు. అవసరం లేదు. క్రోమ్, ఎడ్జ్ సెట్టింగ్స్‌లోని సైట్ పర్మిషన్స్‌లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి, ‘అలవ్’ కింద ఉన్న తెలియని పేర్లన్నీ తీసేసి, ఇకపై అడగనే అడగొద్దని పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో పర్మిషన్స్ కింద నోటిఫికేషన్స్ సెట్టింగ్స్‌లో ‘కొత్త అభ్యర్థనలు ఆపు’ అనే గడి ఉంటుంది.

స్క్రీన్ నిండా ఎర్ర పేజీ, ఒక ఫోన్ నంబరు, సైరన్ మోత వస్తే ఆ నంబరుకు ఫోన్ చేయొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఎస్కేప్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది, ట్యాబ్ మూసేయొచ్చు. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్‌తో విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను ‘ఎండ్ టాస్క్’ చేయండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత ట్యాబులు తెరవమంటావా అంటే వద్దనండి.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లే లేవు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తిగా నడుస్తుంది. ఐఫోన్‌లో మన దేశంలో ఏ బ్రౌజర్ వేసినా లోపల సఫారీ ఇంజినే, అక్కడ బ్రౌజర్ల పోటీ పేరుకే. ఇంకో మాట: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో లింకు నొక్కితే తెరుచుకునేది ఆ యాప్ లోపలి బ్రౌజర్. అందులో డబ్బు కట్టకండి. యూపీఐ యాప్‌కి వెళ్ళి తిరిగొచ్చేసరికి పేజీ మాయమవుతుంది. మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరిచి అప్పుడు కట్టండి.

చివరికి మెషీన్ సంగతి

ఇదంతా చేసినా 4 జీబీ ర్యామ్‌కి తోడు తిరిగే హార్డ్ డిస్క్ అంటే గోరుచుట్టు మీద రోకటి పోటే. ర్యామ్ నిండగానే విండోస్ మిగతాది డిస్క్ మీద రాస్తుంది, మౌస్ కదలనిది అప్పుడే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, ల్యాప్‌టాప్ మొరాయిస్తున్నప్పుడే చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోతే ముందు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేయించండి, 256 జీబీ చాలు. మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. రెండిట్లో ఒకటే వాడి ఉంటే అదే రకం ఇంకో 4 జీబీ కార్డు చేర్చొచ్చు. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాంట్లో ఒకటి పట్టవు, కొనేముందు పాత కార్డు మీద లేబుల్ చూడండి.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఎడ్జ్‌కి మాత్రం విండోస్ 10 మీద కనీసం 2028 అక్టోబర్ వరకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. బ్రౌజర్ కొత్తదైనా కింద విండోస్ పాతబడితే రక్షణ సగమే. బ్యాంకు పని అందులోనే చేస్తున్నారు కాబట్టి, విండోస్ అప్‌డేట్ పేజీలో అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు చేరమనే లింకు ఉంటే చేరండి, ఆ పథకం 2026 అక్టోబర్ వరకు ఉంది.

ఆ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ శాతం, మెమరీ శాతం, స్లాట్ల సంఖ్య, ల్యాప్‌టాప్ మోడల్ ఇక్కడ పెట్టండి. ఖర్చు ర్యామ్ మీద పెట్టాలో, ఎస్ఎస్‌డీ మీద పెట్టాలో చెబుతాను.